ఒక సీసా నెత్తురు

"లైటు ఆర్పెయ్" అంటాం. అక్కడ వత్తీ లేదు, చమురూ లేదు, ఆర్పడానికి మంటా లేదు. ప్రమిద పోయింది గాని దాని మాట మన నోట్లో ఉండిపోయింది. భాషకు ఇది మామూలే. వస్తువు వెళ్ళిపోయిన తరవాత కూడా మాట కొన్నాళ్ళు అద్దె కట్టకుండా కాపరం ఉంటుంది. తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి గనక ఇల్లాంటి మాటలు వినబడితే నా చెవి అటే పోతుంది.

ఆస్పత్రి వరండాలో వినబడే "ఒక బాటిల్ రక్తం" అల్లాంటి మాటే. గాజు సీసాల్లో నెత్తురు పట్టే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడున్నది మెత్తని ప్లాస్టిక్ సంచి. ఐనా "రెండు బాటిళ్ళు కావాలన్నారండీ" అనే అంటాం. అంటే అన్నాం, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. చిక్కంతా రెండో మాటతో వస్తున్నది, "రక్తం" అనే మాటతో. డాక్టరుగారు రాసిన చీటీ విప్పి చూస్తే చాలాసార్లు అందులో ఉట్టి "రక్తం" అని ఉండదు. ఎర్రకణాలు అని ఉంటుంది. లేదా ప్లేట్‌లెట్లు అని, ప్లాస్మా అని, క్రయో అని. నాలుగూ ఒక్క దాత చేతిలోంచే వచ్చి ఉండవచ్చు. కాని నాలుగూ నాలుగు వేరు వేరు మందులు. దగ్గు మందుకు బదులు కళ్ళల్లో వేసుకునే చుక్కలు పనికి రానట్టే, వీటిలో ఒకటి కావలసిన చోట మరొకటి పనికిరాదు. చీటీ పట్టుకుని పరుగెత్తే మనిషికి ఈ తేడా తెలియకపోతే డబ్బు పోతుంది, కాలం పోతుంది, ఒక్కొక్కప్పుడు అంతకంటె పెద్దదే పోతుంది.

మన ఇళ్ళల్లో పాలను ఎల్లా వాడుకుంటామో ఆలోచించండి. తోడువేసి చిలికితే వెన్న వస్తుంది, మజ్జిగ మిగుల్తుంది. ఎండనపడి వచ్చినవాడికి మజ్జిగ ఇస్తాం. పసివాడికి వేడి అన్నంలో వెన్న కలుపుతాం. అందరికీ అన్నిటికీ చెంబెడు పాలే ఇస్తానంటే ఆ ఇల్లాలికి సంసారం చేతకాదంటారు. నెత్తురు విషయంలో వైద్యులు నేర్చుకున్న సంసారం కూడా ఇదే.

నెత్తురు గడ్డకట్టకుండా మందు కలిపి గాజు గొట్టంలో నిలబెడితే కాసేపటికి తనంతట తానే విడిపోతుంది. అడుగున ఎర్రని కణాలు. పైన ఎండుగడ్డి రంగు తేట, అదే ప్లాస్మా, సగం పైచిలుకు. రెంటి నడుమ మీగడ పొరలాగ పల్చగా తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ. రక్తనిధిలో ఈ పనికి కవ్వం బదులు గిర్రున తిప్పే యంత్రం ఉంటుంది. సంచిని తిప్పి, పైతేటను మెల్లగా నొక్కి, గొట్టంతో కలిపి ఉన్న పిల్లసంచిలోకి పంపుతారు. ఒక తల్లిసంచి, రెండు మూడు పిల్లసంచులు. గాలి తగలదు, చెయ్యి తగలదు.

ఇది మాటల్లో చెప్పినంత సుళువుగా రాలేదు. నెత్తురు గడ్డకట్టకుండా సోడియం సిట్రేట్ కలపవచ్చునని 1914లో బెల్జియంలో ఆల్బర్ట్ హుస్టిన్, అర్జెంటీనాలో లూయీ అగోటె చూపించేదాకా, ఇచ్చేవాణ్ణీ పుచ్చుకునేవాణ్ణీ పక్కపక్కన పడుకోబెట్టి ఎక్కించవలసిందే. తరవాత సీసాలు వచ్చాయి. గాజు సీసా పగుల్తుంది. ఒక సీసాలోంచి మరొక సీసాలోకి వంచితే క్రిములు చేరతాయి. 1950 ప్రాంతంలో అమెరికాలో కార్ల్ వాల్టర్ అనే సర్జను ప్లాస్టిక్ సంచి తయారుచేసిన తరవాతనే ఈ విడదీసే విద్య చేతికందింది.

ముందు ఎర్రకణాల సంగతి. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును మోసుకుపోయి ఒంట్లో ప్రతి మూలకూ చేర్చే కూలీలు ఇవి. దెబ్బ తగిలి నెత్తురు పోయినప్పుడు, కానుపులో పోయినప్పుడు, ఆపరేషన్లలో, కణాలు సరిగా తయారుకాని జబ్బుల్లో ఎక్కించేది వీటినే. పెద్దవాళ్ళకు ఒక సంచి ఎక్కిస్తే హిమోగ్లోబిన్ సుమారు 1 గ్రాము పెరుగుతుంది. 2 నుంచి 6 డిగ్రీల చల్లదనంలో వీటిని 35 రోజులు నిలవ ఉంచవచ్చు. కలిపే ద్రావకాన్ని బట్టి 42 రోజులు. ఈ రోజుల లెక్క గుర్తుంచుకోండి, తరవాత దీనితో పనుంది.

మన మధ్యతరగతి ఇళ్ళల్లో ఒక నమ్మకం ఉంది: నీరసంగా ఉంటే ఒక బాటిల్ ఎక్కిస్తే మనిషి లేచి తిరుగుతాడని. గ్లూకోజు సీసాకూ రక్తం సంచికీ మన లెక్కలో తేడా లేదు. "డాక్టరుగారూ, అమ్మాయి పాలిపోయింది, ఒక్క బాటిల్ ఎక్కించెయ్యండి" అని బతిమాలే తండ్రుల్ని నేను చూశాను. ఇనుము చాలక వచ్చిన పాలిపోవడానికి ఇనుము మాత్రలున్నాయి, ఇనుము ఇంజక్షన్లున్నాయి. 1999లో కెనడా వైద్యులు ప్రమాదస్థితిలో ఉన్న 838 మంది రోగుల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు హిమోగ్లోబిన్ 10కి తగ్గితే ఎక్కించారు, రెండో జట్టుకు 7కి తగ్గితేనే. నెల తిరిగేసరికి, తక్కువ ఎక్కించుకున్నవాళ్ళు ఎక్కువ ఎక్కించుకున్నవాళ్ళకు ఏమీ తీసిపోలేదు. గుండెజబ్బు ఉన్నవాళ్ళ విషయంలో లెక్క మారుతుంది. నెత్తురు కారిపోతూ ఉంటే అంకె కోసం చూస్తూ కూచోరు. తక్కినవారి విషయంలో మాత్రం "ఇప్పుడు అక్కర్లేదండీ" అన్న డాక్టరు పిసినారీ కాదు, చేతకానివాడూ కాదు.

ఇక్కడ మరొక మాట. "మా అబ్బాయికి పరాయివాళ్ళ నెత్తురు ఎందుకండీ, నేనున్నానుగా, నాది తీసుకోండి" అంటాడు తండ్రి. కన్నతండ్రి అనవలసిన మాటే. తెలుగులో రక్తసంబంధమన్న మాటకు ఉన్న బరువు మరి దేనికీ లేదు. కాని రక్తనిధివాళ్ళు ఈ మాటకు తటపటాయిస్తారు. కారణం ఏమిటంటే, ఎక్కించే సంచిలో కొద్దిగా దాత తెల్లకణాలు కూడా వెడతాయి. పరాయివాడివైతే రోగి ఒళ్ళు వాటిని పట్టుకుని మట్టుపెడుతుంది. తండ్రివో తోబుట్టువువో ఐతే పోలిక దగ్గరైనందువల్ల మనవాళ్ళే గదా అని ఊరుకుంటుంది. ఆ చుట్టాలు లోపల స్థిరపడి, ఇంటివాళ్ళ మీదనే తిరగబడతారు. అరుదుగానే జరుగుతుంది; జరిగితే మాత్రం దాదాపుగా ప్రాణాంతకం. అందుకని దగ్గర బంధువుల రక్తం వాడవలసి వస్తే ముందు దానికి కిరణాలు పెట్టి ఆ తెల్లకణాలను చేతకానివాటిని చేస్తారు. ఇంకా పిల్లలు పుట్టవలసిన భార్యకు భర్త నెత్తురు ఎక్కించకపోవడం మంచిదనడానికి కారణం వేరే ఉంది. భర్త కణాల మీద ఆమె ఒంట్లో విరోధం పుడితే, రేపు ఆ పోలికతో కడుపున పడే బిడ్డకు అది తగుల్తుంది. తండ్రి ఇవ్వవద్దని కాదు. తన సంచి ఇంకొకరి బిడ్డకు ఇచ్చి, మరొకరి సంచి తన బిడ్డకు పుచ్చుకోవచ్చు.

ఇక ప్లేట్‌లెట్లు. పాఠ్యపుస్తకాల్లో వీటిని రక్తఫలకికలు అంటారు. డెంగ్యూ వచ్చినవాడి బంధువు ఎవరూ ఆ మాట అనగా నేను వినలేదు. మన పట్నాల్లో వానలు వెళ్ళిన తరవాత ఇంటింటా వినబడే అంకెలు వీటివే. ఆరోగ్యవంతుడికి లక్షా యాభై వేల నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. గాయమైనచోట మొదట చేరి అడ్డుకట్ట వేసేవి ఇవి.

రెండేళ్ళ క్రితం డిగ్రీ మూడో ఏడు చదివే కుర్రవాడొకడు క్లాసు మధ్యలో లేచి నిలబడ్డాడు. "మాష్టారూ, మా నాన్నగారికి డెంగ్యూ. పొద్దున 62 వేలు, ఇప్పుడు 38 వేలు. పదిమందిని పంపమన్నారు" అన్నాడు. క్లాసు క్లాసంతా లేచింది. కుర్రవాళ్ళలో మంచితనం లేదనేవాళ్ళు ఆ పూట మా కాలేజీకి వచ్చి ఉండవలసింది. నేనూ వాళ్ళ వెంట వెళ్ళాను. అక్కడ తేలింది ఏమిటంటే, పదిమందిని పంపమన్నది డాక్టరు కాదు, కుర్రవాడి మేనమామ. ఇంట్లో వాళ్ళంతా పూటకొకసారి ఆ అంకెను క్రికెట్ స్కోరులాగ చూస్తున్నారు. డాక్టరుగారు ఆ మేనమామను కూచోబెట్టి ఓపికగా చెప్పారు. ఆ చెప్పినది ప్రతి ఇంట్లోనూ తెలియవలసిన సంగతి.

డెంగ్యూలో మనిషిని తీసేది సాధారణంగా ప్లేట్‌లెట్లు తగ్గడం కాదు. నెత్తుటి తేట నాళాల్లోంచి బయటికి ఊరిపోవడం. తేట పోయిన కొద్దీ లోపల నెత్తురు చిక్కబడుతుంది, రక్తపుపోటు పడిపోతుంది. అందుచేత చూడవలసినది ఆ చిక్కదనం, నాడి, పోటు, మూత్రం సరిగా వస్తున్నదా లేదా అనేది. కావలసిన మందు సరైన పాళ్ళలో ద్రవాలు. ఇంకో విడ్డూరం, ఈ ఊరడం జరిగేది జ్వరం మండిపోయేటప్పుడు కాదు, జ్వరం తగ్గే ఆ ఒకటి రెండు రోజుల్లో. ఇంట్లోవాళ్ళు "అమ్మయ్య, ఒళ్ళు చల్లబడింది" అనుకునే వేళ అది. అప్పుడు కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి నెత్తురు, మగత, కాళ్ళూ చేతులూ చల్లబడడం వీటిలో ఏది కనిపించినా అంకె ఎంత ఉన్నా ఆస్పత్రికి పోవాలి. ఇవేవీ లేకపోతే 38 వేలకు భయపడనక్కర లేదు. నెత్తురు కారుతూ ఉంటేనో, లేదా అంకె 10 వేలకు లోపు పడితేనో ప్లేట్‌లెట్లు ఎక్కించే ఆలోచన చేస్తారు. అనవసరంగా ఎక్కిస్తే అవి డెంగ్యూ ఒంట్లో నిలవనూ నిలవవు, ఒక్కొక్కరికి చలీ దద్దుర్లూ కూడా తెస్తాయి. కుర్రవాడి తండ్రికి ఒక్క సంచీ ఎక్కించలేదు. ఐదో రోజున అంకె దానంతట అదే లేచింది. (బొప్పాయి ఆకు రసం సంగతి నన్ను అడక్కండి. నేను తెలుగు మాష్టారిని.)

మరి ఇవి నిజంగా ఎవరికి కావాలి? కాన్సరు మందులు తీసుకునే వాళ్ళకు, ముఖ్యంగా నెత్తుటి కాన్సరు పిల్లలకు. ఆ మందులకు మూలుగలో కణాలు తయారు కావడమే ఆగిపోతుంది. అంకె 6 వేలకో 8 వేలకో పడిపోతే, ఏ దెబ్బా తగలకుండానే లోపల నెత్తురు చిమ్ముతుంది. మేనమామ పట్టుదలకు ఇచ్చేసిన సంచి ఆ సాయంత్రం అల్లాంటి పిల్లకు కావలసి వస్తే? ఎందుకంటే ప్లేట్‌లెట్లకు నిలవ లేదు. చల్లని పెట్టెలో పెడితే చెడతాయి. 20 నుంచి 24 డిగ్రీల గదిలో, రాత్రింబవళ్ళు ఆగకుండా ఉయ్యాల ఊగినట్టు ఊగే పళ్ళెం మీద ఉంచాలి. అంత చాకిరీ చేసినా 5 రోజులే ఆయుష్షు, పరీక్షలకు పోయే సమయం కూడా అందులోనే. అంటే ఇవాళ ఎక్కించేది మొన్నో అటుమొన్నో ఎవరో వచ్చి ఇచ్చినదన్న మాట.

వీటిని తీయడంలో రెండు పద్ధతులున్నాయి. మామూలు సంచిలోంచి విడదీసిన ప్లేట్‌లెట్లు ఒక సంచి ఎక్కిస్తే 5 నుంచి 10 వేలు పెరుగుతుంది. రెండోది, దాతను గంటో గంటన్నరో యంత్రం దగ్గర కూచోబెట్టి, ప్లేట్‌లెట్లు మాత్రమే పుచ్చుకుని మిగిలిన నెత్తురంతా తిరిగి అతనికే ఇచ్చేయడం. దానితో 30 నుంచి 50 వేలు పెరుగుతుంది, ఖర్చూ అంతకు తగ్గట్టే పెరుగుతుంది. ఇప్పుడు వాట్సాప్‌లో "బి పాజిటివ్ అర్జంటు" అని వచ్చే కబురులో ఏది కావాలో ఉండదు, ఏ తేదీయో ఉండదు. రోగి నయమై ఇంటికి వెళ్ళి మనవల్ని ఎత్తుకున్న తరవాత కూడా ఆ కబురు ఊళ్ళు తిరుగుతూనే ఉంటుంది.

ప్లాస్మా సంగతి కొంచెం తమాషాగా ఉంటుంది. గడ్డకట్టించే పదార్థాలన్నీ దీనిలోనే ఉంటాయి. తీసిన కొద్ది గంటల్లోనే గడ్డకట్టించి, సున్నాకు 30 డిగ్రీల దిగువన ఉంచితే ఏడాది నిలవ ఉంటుంది. కాలేయం చెడి నెత్తురు ఆగనివాళ్ళకు, ఒక్కసారిగా చాలా నెత్తురు పోయినవాళ్ళకు వాడతారు. బలానికీ పోషణకూ కాదు. తమాషా ఏమిటంటే గ్రూపుల లెక్క ఇక్కడ తలకిందులు. ఓ గ్రూపు ఎర్రకణాలు అవసరమైతే ఎవరికైనా ఇవ్వవచ్చునని మనం చిన్నప్పుడు చదువుకున్నాం. ప్లాస్మా దగ్గరికి వచ్చేసరికి ఆ దాతృత్వం ఏబీ వాళ్ళది. కణం మీద ఉండే గుర్తు ఒకటి, తేటలో ఉండే విరోధి మరొకటి. ఏబీ తేటలో విరోధులు లేవు. ఓ తేటలో రెండూ ఉన్నాయి. ఓ గ్రూపువాళ్ళే అందరికీ ఇవ్వగల కర్ణులనే మాట కూడా పూర్తిగా నిజం కాదు లెండి. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే, ఆయన తోటివారు కనిపెట్టిన బొంబాయి గ్రూపువాళ్ళకు ఓ కణాలు కూడా పడవు. తమవంటి వాళ్ళవే కావాలి.

ఈ గడ్డకట్టిన ప్లాస్మాను అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో జూడిత్ పూల్ అనే ఆవిడ చల్లగా, నిదానంగా కరగనిచ్చి చూశారు. అంతా కరిగినా అడుగున తెల్లని మడ్డి కరగకుండా మిగిలింది. హిమోఫీలియా రోగుల నెత్తుట్లో కొరవడే పదార్థమంతా ఆ మడ్డిలోనే చిక్కగా ఉందని 1964లో ఆవిడ లోకానికి చెప్పారు. అదే క్రయో. అంతకు ముందు ఆ పిల్లలకు సంచుల కొద్దీ ప్లాస్మా పోయవలసి వచ్చేది. ఇప్పుడు హిమోఫీలియాకు విడిగా తీసిన మందులు వచ్చాయి గాని క్రయోకు పని తప్పలేదు. కానుపులో నెత్తురు ఆగకుండా పోతున్నప్పుడు గడ్డకు దారంలాగ పనిచేసే ఫైబ్రినోజన్ అయిపోతుంది. అప్పుడు పరుగెత్తుకుంటూ తెచ్చేది ఈ మడ్డినే. చెంచాలలో కొలవదగినంత సంచి, తల్లిని నిలబెడుతుంది.

ప్లాస్మా ఇచ్చిన మనిషిని ఒకణ్ణి చెప్పి ముందుకు వెడతాను. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అని ఉండేవాడు. పద్నాలుగో ఏట రొమ్ము ఆపరేషనులో ఎవరెవరి నెత్తురో ఎక్కించుకుని బతికాడు. 1954లో తనూ ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆర్‌హెచ్ నెగటివ్ తల్లి కడుపులో పాజిటివ్ బిడ్డ ఉన్నప్పుడు బిడ్డను కాపాడే పదార్థం అతని ప్లాస్మాలో మెండుగా ఉందని తరవాత తేలింది. ప్లాస్మా ఒక్కటే ఇచ్చేవాడికి ఎర్రకణాలు తిరిగి ఒంట్లోకే వస్తాయి గనక రెండు వారాలకొకసారి ఇవ్వవచ్చు. 2018లో 81వ ఏట నియమం ప్రకారం మాన్పించేదాకా 1,173 సార్లు ఇచ్చాడు. 24 లక్షల మంది పిల్లలకు అది తోడ్పడిందని ఆ దేశపు రెడ్‌క్రాస్ లెక్క. 2025 ఫిబ్రవరిలో 88వ ఏట పోయాడు. సూది గుచ్చేటప్పుడు మాత్రం ఎప్పుడూ అటు చూసేవాడు కాదట!

మన దేశంలో నెత్తురు అమ్ముకుని బతికేవాళ్ళు ఉండేవారు. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, 1998 జనవరి 1 నుంచి అది నిషిద్ధమైంది. ఇప్పుడు రక్తనిధి పుచ్చుకునేది పరీక్షలకూ విడదీయడానికీ నిలవకూ అయ్యే ఖర్చే. నెత్తురుకు ధర లేదు. రసీదు అడిగి పుచ్చుకోండి.

ఇందాక రోజుల లెక్క గుర్తుంచుకోమన్నాను. తలసీమియా అని ఒక జబ్బుంది. తల్లిదండ్రులిద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉండి, ఇద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటే, ప్రతి కానుపులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు రావచ్చు. పెళ్ళికి ముందు ఒక రక్తపరీక్షతో ఈ లక్షణం బయటపడుతుంది. జబ్బుతో పుట్టిన బిడ్డకు ఏ రెండు వారాలకో నాలుగు వారాలకో ఒకసారి ఎర్రకణాలు ఎక్కించాలి, ఏళ్ళ తరబడి. ప్రతి సంచితోనూ 200 మిల్లీగ్రాముల పైన ఇనుము ఒంట్లో చేరుతుంది. అది గుండెనూ కాలేయాన్నీ పాడుచేయకుండా వేరే మందులు వాడాలి. ఈ పిల్లలకు ప్లాస్మా అక్కర్లేదు, ప్లేట్‌లెట్లు అక్కర్లేదు. కావలసినవి ఎర్రకణాలు, తేదీ తప్పకుండా. తేదీ దాటితే పిల్ల బడిలో బల్ల మీద తల వాల్చేస్తుంది.

మన ఊళ్ళల్లో రక్తదాన శిబిరాలు ఎక్కువగా జరిగేది కాలేజీల్లో. ఏప్రిల్ వచ్చేసరికి పరీక్షలు, ఆ మీద సెలవులు. కుర్రవాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోతారు. ఫిబ్రవరిలో అట్టహాసంగా బ్యానర్లు కట్టి ఒకే రోజున తీసిన సంచులు, 35 రోజులో 42 రోజులో కలుపుకుంటే, మార్చి నెలాఖరుకు చెల్లిపోతాయి. మేలో సంచి కావలసిన పిల్లకు ఆ బ్యానరుతో పనిలేదు. మగవాళ్ళు 90 రోజులకు, ఆడవాళ్ళు 120 రోజులకు గాని మళ్ళీ ఇవ్వకూడదు గనక అదే కుర్రవాణ్ణి నెల తిరగకుండా పిలవడానికీ లేదు. మా కాలేజీలో ఈ ఏడు శిబిరాన్ని రెండుగా విడగొట్టాం. హాస్టలు కుర్రవాళ్ళు ఆఖరి పరీక్ష రాసిన మర్నాడు ఇచ్చి రైలెక్కుతారు. ఊళ్ళోనే ఉండేవాళ్ళూ, మేమూ, ఆఫీసు గుమాస్తాలూ, మే మూడో వారంలో. పద్దెనిమిది నిండని ఇంటరు కుర్రవాళ్ళు ఇద్దరు ముగ్గురు మాకూ అవకాశం ఇవ్వమని వచ్చారు. వాళ్ళకు ఫోనుల పని అప్పజెప్పాం.